రెండో పూత

నా పని తియ్యడం. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. కారు తెచ్చిన ప్రతివాళ్ళూ నేనేదో మెరుపు పూస్తాననుకుంటారు. "మంచి పాలిష్ వెయ్యండమ్మా" అంటారు, అక్కడికి అదేదో గోడకి సున్నం అయినట్టు. గీత ఎంత లోతుందో చూసుకుని, దాని చుట్టూ ఉన్న పైపొరని కూడా అంత లోతుకి అరగదీస్తే గీత కనపడకుండా పోతుంది. అంతకు మించి ఇందులో విద్యేమీ లేదు. ఎక్కడ ఆపాలో తెలియాలి, అంతే.

ఆ పైపొరని క్లియర్‌కోట్ అంటారు. రంగు మీద వేసే రంగులేని పూత. ఎండా, వానా, పక్షుల రెట్టలూ, పక్కింటి పిల్లల సైకిళ్ళూ అన్నిటినీ అదే కాసుకుంటుంది. ఇంతా చేసి అది తల వెంట్రుకకన్నా పలచన. నేను ఒకసారి గట్టిగా పాలిష్ మెషీన్ పెట్టానంటే అందులో కొంత పోయినట్టే, పోయింది మళ్ళీ రాదు. మొత్తం పోతే కింద రంగు బయటపడుతుంది. దాన్ని మేం రంగు తేలడం అంటాం. అలా తేలిన చోట ఏ మందూ పనిచెయ్యదు, మళ్ళీ మొదట్నించి రంగు కొట్టుకోవాల్సిందే. అందుకే "ఇంకొంచెం రుద్దండి" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "మీ బుగ్గ ఇలా ఇవ్వండి, ఇంకొంచెం రుద్దుతాను" అని మొహం మీదే అనేస్తాను. నాకు ముక్కు మీద కోపమని వీధంతా తెలుసు. అయినా వస్తారు. మొన్న మొన్నటిదాకా, ఇరవై ఏళ్ళలో నా చేతికింద ఒక్క కారుకీ రంగు తేలలేదు మరి.

షెడ్డులో ముందు భాగం నాది, వెనక గది వదినది. వదిన అంటే మా ఆయన అక్క. సొట్టలు తీసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి, దాని మీద క్లియర్ కొట్టి ఇచ్చే మనిషి. వరస ఉన్నా లేకున్నా అందరూ ఆవిణ్ణి వదినా అనే పిలుస్తారు. ఇన్సూరెన్సు కంపెనీ ఉత్తరం కూడా ఒకసారి వదినగారికి అనే వచ్చింది. మా ఆయన బస్సు నడుపుతాడు. అక్కకి భయపడతాడు, నాకు భయపడతాడు, రోడ్డు మీద మాత్రం ఎవరికీ జంకనని చెప్పుకుంటాడు.

వదినా నేనూ పొద్దస్తమానం పోట్లాడుకుంటాం. నేను చెమటోడ్చి వేసింది నువ్వు తీసేస్తున్నావంటుంది ఆవిడ. మీరు దుమ్ము పడకుండా వేస్తే నాకు తీసే పనేముందంటాను నేను. చూసేవాళ్ళు ఈ ఇద్దరూ రేపో మాపో విడిపోతారనుకుంటారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో, ఏ పనీ రాక వంటింటి గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్న నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ మెషీన్ చేతిలో పెట్టింది ఆవిడే. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోం.

ఆవిడ పని గురించి మాత్రం నోరు మూసుకుని ఒప్పుకోవాలి. క్లియర్ రెండు పూతలు వేస్తుంది. మొదటిది పట్టు కోసం, రెండోది నిండుగా. రెండోది వేసేటప్పుడు పిలిచినా పలకదు. ఆవిడ వేసిన తలుపు మీద ఎంత లోతు గీత పడ్డా నేను ధీమాగా తీసేస్తాను, కింద కావలసినంత సరుకుంటుంది.

ఆ రోజు లెక్కల మాస్టారి కారు వచ్చింది. ఆయన రిటైరై మూడేళ్ళయింది. కారు ముదురెరుపు. రెండు నెలల కిందట వాళ్ళావిడ యాభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, రెండో రోజే కారుని గేటు స్తంభానికి ఆనించింది. ఆ తలుపుకి సొట్ట తీసి, పుట్టీ పెట్టి, రంగూ క్లియరూ కొట్టిచ్చింది మా వదినే. ఇప్పుడు సరిగ్గా అదే తలుపు నడుమ జానెడు పొడుగు గీత.

"ఈసారి కూడా అమ్మగారేనా?" అన్నాను.

మాస్టారు అటూ ఇటూ చూశారు. "నేనే. చేతిలో తాళం ఉందన్న సంగతి మర్చిపోయి హాండిల్ కోసం తడిమాను. రెండు నెలలుగా ఆ గేటు స్తంభం పేరు చెప్పి మా ఆవిణ్ణి ఏడిపిస్తున్నానమ్మా. ఇప్పుడిది చూసిందంటే నేను ఇంట్లో బతకలేను. సాయంత్రంలోగా తీసెయ్యండి."

సరేనన్నాను. ఆయన నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

నా దగ్గర మందం కొలిచే మీటరు ఒకటుంది. రేకు మీద ఆనిస్తే పైనున్న పొరల మందం అంకెల్లో చూపిస్తుంది. పని మొదలెట్టే ముందు కారంతా కొలుస్తాను. బానెట్ నూట పన్నెండు, వెనక తలుపు నూట ఎనిమిది, ఈ తలుపు మాత్రం రెండు వందల అరవై. ఆ అంకె చూసి సంబరపడేవాళ్ళు ఈ పనికి పనికిరారు. మీటరు పుట్టీని, ప్రైమర్ని, రంగుని, క్లియర్ని అన్నిటినీ కలిపి లెక్కేస్తుంది. అందులో నాకు కావలసిన క్లియర్ ఎంతో చెప్పదు. ఇంకెవరో పుట్టీ పెట్టి కొట్టిన తలుపైతే నేను ముట్టుకోను, దండం పెట్టి పంపించేస్తాను. కానీ ఇది వదిన తలుపు. నేను నమ్మింది మీటర్ని కాదు, ఆవిడ చేతిని.

ముందు వాటర్ పేపర్ అనే సన్నటి గరుకు కాగితం‌తో గీత వెంట తడి తడిగా రుద్దాను. తర్వాత మెషీన్‌కి తెల్ల ప్యాడ్ బిగించి, పాలిష్ మందు రాసి నడిపాను. గీత చాలావరకు పోయింది. దీపం ఏటవాలుగా పెట్టి చూస్తే ఇంకా నీడలా ఒక చార. ఇంకొక్క సారి అనుకున్నాను. నేను ఇరవై ఏళ్ళుగా అందరినీ తిడుతున్న మాటే అది. మెషీన్ ఆపి ప్యాడ్ తిప్పి చూసుకుంటే, తెల్లటి అంచు మీద లేత ఎరుపు.

గుడ్డతో తుడిచాను. తలుపు నడుమ చొక్కా బొత్తామంత చోట మెరుపు చచ్చి, బూడిద రాసినట్టుంది. రంగు తేలింది.

అలాంటప్పుడు బుర్రలోకి వచ్చే మొదటి ఆలోచన దొంగ ఆలోచనే. పైన మైనం పూస్తే పది, పదిహేను రోజులు కనపడదు. ఆ తర్వాత ఎండ వల్లనో, వాన వల్లనో అనుకుంటారు. అలా చేసేవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళతో నేను మాట్లాడను. కాబట్టి మైనం డబ్బా జోలికి పోలేదు. స్టూలు లాక్కుని తలుపు ముందు కూలబడ్డాను. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి.

కాసేపటికి అనుమానం వచ్చింది. నేను రుద్దింది అంతేమీ లేదు. రెండు పూతల క్లియర్ అంతలో అరిగిపోదు. ఎలాగూ తలుపు మొత్తం మళ్ళీ కొట్టాల్సిందే కదా అని, హాండిల్ కింద ఒక చోట చూసుకుని అదే పేపరు, అదే ప్యాడ్, అన్నే సార్లు రుద్దాను. ప్యాడ్ తెల్లగానే ఉంది. ఇంకో నాలుగుసార్లు రుద్దాను. అయినా తెల్లగానే ఉంది. అంటే అక్కడ రెండు పూతలూ ఉన్నాయి. నడుమ, చెయ్యి వెడల్పు మేర మాత్రం రెండో పూత పడలేదు.

వదిన రెండో పూత వదిలేసిందంటే నేను నమ్మను. వేశాననుకుని ఉంటుంది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఈ మధ్య దీపాన్ని తలుపుకి మరీ దగ్గరగా జరుపుకుంటోంది. మోకాలు నొప్పంటూ రంగు డబ్బాల మీది కాగితాలు నాచేత చదివిస్తోంది. మొన్న కప్పు పక్కన టీ పోసి, కప్పు జరిగిందని దాన్నే తిట్టింది. ఆవిడకి కన్ను కనపడటం లేదు.

తెలిసిపోయాక ఇంకా భయం వేసింది. ఆవిడకి పిల్లల్లేరు. వాళ్ళాయన, మా అన్నయ్యగారు, పోయి తొమ్మిదేళ్ళు. ఇంటికెళ్ళేది నిద్రపోవడానికే, బతుకంతా ఆ వెనక గదిలోనే. ఈ తలుపు సంగతి చెప్పానంటే ఆ నిమిషానే రంగు కొట్టే గన్ను కింద పెట్టేస్తుంది, అంత రోషం మనిషి. చెప్పలేదంటే వచ్చే వారం ఒక వ్యాను ఉంది, దానికి ఒళ్ళంతా రంగు కొట్టాలి. ఎటూ పాలుపోలేదు.

ఇంతలో ఆవిడ రంగులో కలిపే థిన్నరు డబ్బాలు మోసుకుంటూ రానే వచ్చింది.

"ఏంటే, తలుపు ముందు భజన చేస్తున్నావు?"

"రంగు తేలింది వదినా."

డబ్బాలు అక్కడే పెట్టేసి వచ్చింది. వంగి, మొహం తలుపుకి ఆనించినంత దగ్గరగా పెట్టి చూసింది. "ఎవరు చేశారిది?"

"ఇంకెవరున్నారిక్కడ? నేనే."

"రెండు పూతలు దిట్టంగా వేశానే! అంత క్లియర్ ఎలా తినేశావే, ఆకలి మీదున్నావా? ఊళ్ళో అందరికీ నీతులు చెబుతావు, ఆ మెషీన్ ఆపడం మాత్రం తెలీదా? నా తలుపే దొరికిందా నీకు?"

నాలుక చివరిదాకా వచ్చింది జవాబు. మింగేశాను. ఇన్నేళ్ళలో ఆవిడ మాటకి నేను ఎదురు చెప్పకపోవడం అదే మొదలు.

"మాట్లాడవేం? నోరు పడిపోయిందా?"

"నాదే తప్పు వదినా. చెయ్యి తొందరపడింది."

ఆవిడ నా వంక అదోలా చూసింది. ఇంకో నాలుగు తిట్లు తిట్టాల్సింది మానేసి, "రేపు పొద్దున్నే కొట్టేద్దాం" అని లోపలికి పోయింది.

మాస్టారికి ఫోన్ చేసి, తలుపు మళ్ళీ కొట్టాలనీ, కారు రేపు సాయంత్రం ఇస్తాననీ చెప్పాను. ఆయన గొంతు తగ్గించారు.

"మరి ఇంట్లో ఏం చెప్పమంటారు?"

"నిజం చెప్పండి."

"మీరు మా ఆవిణ్ణి చూశారా అసలు?" అన్నారాయన దీనంగా.

మర్నాడు పొద్దున్న తలుపంతా రుద్ది, తుడిచి, మిగతా కారుకి కాగితాలు అంటించి వెనక గదిలోకి నెట్టాం. వదిన తేలిన చోట రంగు కొట్టింది. అందులో వంక పెట్టడానికి లేదు. ఆరాక క్లియర్ మొదటి పూత వేసి బయటికొచ్చి, ఆవిడ ఎప్పటిలాగే గోడకి ఆనుకుని పావుగంట నిలబడింది. రెండో పూతకి లోపలికి వెళుతుంటే నేనూ మాస్కు తగిలించుకుని వెనకాలే వెళ్ళాను.

"నువ్వెందుకు?"

"దీపం పట్టుకుంటా."

"స్టాండు ఉందిగా."

"స్టాండుకి నోరు లేదుగా వదినా."

నీ నోరే తక్కువైందిక్కడ అని గొణిగింది కానీ పొమ్మనలేదు.

క్లియర్‌కి రంగుండదు. కొడుతున్నప్పుడు ఎక్కడ పడిందో తెలియాలంటే ఒకటే దారి. దీపం వెలుగు తడి మీద జారుతుంది, పొడి మీద ఆగిపోతుంది. ఆ తేడా కనిపెట్టడమే మొత్తం పని. వదిన పైనుంచి మొదలెట్టింది. మణికట్టు తొణకదు, గన్ను తలుపుకి ఒకే దూరంలో నడుస్తుంది. ఒక వరస మీదికి ఇంకో వరస సగం ఎక్కాలి. మూడు వరసలు అద్దంలా దిగాయి. సరిగ్గా నడుమకి వచ్చేసరికి, అక్కడ తడి ఉందనుకుని జానెడు కిందకి దిగిపోయింది.

"వదినా, నడుమ పొడిగా ఉంది."

గన్ను ఆగింది. ఆవిడ తల కుడికి వంచింది, ఎడమకి వంచింది. ఒకప్పుడు రోడ్డుకి అటుపక్క నిలబడి, నా పనిలో గోరంత మచ్చని పట్టుకుని కేకలేసే మనిషి. మాస్కులోంచి చాలా నెమ్మదిగా అడిగింది.

"ఎక్కడ?"

ఆ ఒక్క మాటకి నా కళ్ళు నిండిపోయాయి. తుడుచుకుందామంటే మాస్కు అడ్డం, చేతిలో దీపం. వేలు పెట్టి చూపిద్దామంటే తడి. ఆవిడ మోచేతి కింద నా చెయ్యి పెట్టి పైకెత్తాను. "ఇక్కణ్ణించి" అన్నాను. ఆవిడ మీట నొక్కింది. "కొంచెం కిందకి. ఆఁ, అలా రండి. చాలు, ఇప్పుడు తర్వాతి వరస." తలుపు అడుగుదాకా అలాగే వెళ్ళాం.

తలుపు మీద హీటు దీపాలు వెలిగించి బయటికొచ్చాక, వదిన బోర్లించిన బకెట్ మీద కూర్చుని మాస్కు తీసింది.

"నిన్నటి తప్పు నాదే కదూ?"

నేను మాస్కు తాళ్ళు విప్పుకుంటున్నట్టు నటించాను.

"నీళ్ళు నమలకు. అడుగుతున్నాను."

"అవును. హాండిల్ కింద రుద్ది చూశాను. అక్కడ తేలలేదు. నడుమ రెండో పూత లేదు."

"మరి నేనన్ని మాటలంటుంటే రాయిలా నిలబడ్డావేం?"

"చెబితే మీరు గన్ను పక్కన పెట్టేస్తారని."

"నేనూ అందుకే చెప్పలేదు ఎవరికీ." చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "ఏడాదినించీ ఇలాగే ఉంది, కుడి కన్ను మరీను. పొగచూరిన అద్దంలోంచి చూస్తున్నట్టుంటుంది. రంగు ఎలాగోలా తెలుస్తుంది, ఎంతైనా రంగు కదా. పుట్టీ వేళ్ళకి తెలుస్తుంది. ఈ క్లియర్ దగ్గరే దొరికిపోతున్నాను. డాక్టరు దగ్గరికెళితే ఇంక ఇంట్లో కూర్చోమంటాడు. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను నేను?"

అప్పటిదాకా పట్టుకున్న కోపం ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. "అంటే ఏడాదినించీ గుడ్డిగా కొడుతున్నారా? ఒక్క మాట నాతో అనడానికి మీకు నామోషీ అడ్డమొచ్చిందా? నేనేం పరాయిదాన్నా? నా చేతికి మొట్టమొదటిసారి రంగు తేల్పించారు, ఇప్పుడు నేనెవరికి చెప్పుకోను? నిన్న రాత్రంతా నా చేతులు పనికిరాకుండా పోయాయేమోనని అటూ ఇటూ దొర్లాను తెలుసా!" రాత్రి నిద్రపట్టనిది చేతుల గురించి కాదు, ఆవిడ గురించి. అయినా నోటికి అలాగే వచ్చింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే, వదిన నవ్వుతోంది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"అమ్మయ్య, అరిచావు" అంది. "నిన్న నువ్వు నోరెత్తకుండా తప్పు నాదే అన్నావు చూడు, అప్పుడే తెలిసిపోయింది నాకు, నా పని అయిపోయిందని. ఎంత భయం వేసిందో."

సాయంత్రం మాస్టారు వచ్చారు. పక్కన వాళ్ళావిడ. ఆవిడ మొహం వెలిగిపోతోంది, ఆయన మొహం చూస్తే నిజం చెప్పేసినట్టే ఉంది. వదిన పొద్దున వేసిన పూత దీపాల కింద గట్టిపడి, తలుపు మిగతా కారులో కలిసిపోయింది. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని గీత కోసం వెతికారు.

"ఇంతకీ నిన్న ఏమైందమ్మా?"

"నా చెయ్యి కొంచెం తొందరపడి..." అని నేను మొదలెట్టాను.

"నువ్వాగు" అంది వదిన. పని బట్టలతోనే ముందుకొచ్చి నిలబడింది. "మాస్టారూ, పోయినసారి మీ తలుపుకి నేను రెండో పూత సరిగ్గా వెయ్యలేదు. వేశాననుకున్నాను. నాకు కన్ను సరిగ్గా కనపడటం లేదు. అందుకే రంగు తేలింది. మా మరదలు తన నెత్తిన వేసుకుంది కానీ దాని తప్పేం లేదు."

ఆవిడ కస్టమర్ ముందు తప్పొప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు గర్వంగానూ ఉంది, ఆ మాటలు వినలేకుండానూ ఉంది.

మాస్టారు నెమ్మదిగా అడిగారు. "మరి ఇది?"

"ఇదీ నేనే వేశాను. తను చూసింది."

"మీరు తాళం జేబులో పెట్టుకుని ఉంటే అసలు ఎవరూ ఏమీ వెయ్యక్కర్లేకపోయేది" అని వాళ్ళావిడ ఆయన చేతిలోంచి తాళం లాక్కుంది. వదిన ముందుకొచ్చి, తలుపు తెరిచి పట్టుకుని ఆవిణ్ణి ఎక్కించింది. కారు మా షెడ్డు గేటు దాటేదాకా మాస్టారు దాని స్తంభం వైపే చూస్తూ కూర్చున్నారు.

వాళ్ళు వెళ్ళాక వదిన గన్ను విప్పి కడిగింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు కడిగింది. మూతి, సూది, గిన్నె విడివిడిగా గుడ్డ మీద ఆరబెట్టింది. చేతులు తుడుచుకుని, చీర మీది పని చొక్కా జేబులోంచి ఫోను తీసి నాకిచ్చింది.

"కంటాసుపత్రికి చెయ్యి. కాగితం నా సంచిలో ఉంది."

వెతికితే సంచి అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయేలా ఉంది. ఎన్నిసార్లు తీసి ఎన్నిసార్లు మళ్ళీ లోపల పెట్టిందో.

"ఏడాదిగా నెంబరు దగ్గరుంచుకుని ఒక్కసారైనా చెయ్యలేదా?"

"చేశాను, రెండుసార్లు. ఎవరింటికో పోయింది. ఆరేదో ఎనిమిదేదో నాకు తెలీదే."

ఈసారి అరవడం నా వల్ల కాలేదు. నెంబరు నొక్కి, మోగుతున్న ఫోను ఆవిడ చెవికి ఆనించి పట్టుకున్నాను. అవతల ఎవరో ఎత్తారు. వదిన నా ముంజేయి గట్టిగా పట్టుకుంది.

"నాకు కళ్ళు కనపడటం లేదండీ" అంది. "పెయింటర్ని. ఎప్పుడు రమ్మంటారు?"